ఎడమకు, మళ్ళీ ఎడమకు

ఎర్నిస్‌ను బయటికి తీయడానికి కారు రేకు కోయాల్సి వచ్చింది.

జపాన్ నుంచి వచ్చిన పాత టాక్సీ. బండ్లన్నీ రోడ్డుకి కుడిపక్కన నడిచే ఈ దేశంలో దాని స్టీరింగూ కుడివైపే. లారీ కూడా కుడివైపు నుంచే వచ్చింది.

ఆ ఉదయం ఆక్-బెల్ రహదారిని పొగమంచు కమ్మేసింది. రోడ్డు మధ్య పొడుగునా కాంక్రీటు దిమ్మలు. ఒక్క చోట మాత్రం దిమ్మ లేదు. కుడి అంచున పోతున్న ఎర్నిస్ కారు ఎడమకు తిరిగి, ఆ ఖాళీలోంచి అవతలి రోడ్డు మీదికి ముక్కు పెట్టింది. ఎదురు దిశలో దిగివస్తున్న బొగ్గు లారీకి బ్రేకు తొక్కే వ్యవధి కూడా దొరకలేదు.

డ్రైవర్ కాళ్ళ దగ్గర అతని ఫోన్ పడి ఉంది. అద్దం పగిలి, ఆ దెబ్బకే ఆరిపోయింది. అతనికి దారి చెప్పింది ఆ ఫోనే. అందులోని యాప్ పేరు జోల్చు. బిష్కెక్ చుట్టుపక్కల టాక్సీ నడిపే ప్రతివాడికీ అదే కళ్ళు, అదే చెవులు.

వారం తిరక్కుండానే పోలీసులు నేరస్తురాలెవరో తేల్చేశారు.

ఇన్వెస్టిగేటర్ కేప్టెన్ కలిచా చేతికి ఫైలు వచ్చేసరికి అందులో మిగిలింది ఒక్క సంతకమే.

"చదవక్కర్లేదు, కలిచా," అన్నాడు కర్నల్ షైలోబెక్. "సంతకం పెట్టు. శుక్రవారం కోర్టులో ఆ అమ్మాయికి రిమాండ్ అడుగుతున్నాం."

"ఏం చేసింది?"

"మ్యాపులో యూ టర్న్ పెట్టింది. యాప్ తిరగమంది. వాడు తిరిగాడు. చచ్చాడు. ఇంకేం కావాలి నీకు?"

"మ్యాపు గీసేది యాప్ కంపెనీ కదా?"

"కాదట. పనీపాటా లేని జనం ఊరికే గీస్తారట. వాలంటీర్లు. ఈ పిల్ల మందుల షాపులో కూర్చుని గీసింది. వాళ్ళ పెద్దాయనే మనకి స్టేట్‌మెంట్ ఇచ్చాడు."

"రోడ్డు మధ్య దిమ్మ ఎందుకు లేదో ఎవరన్నా అడిగారా?"

కర్నల్ తన టీ గిన్నెలోకి చూశాడు.

"ఆ రోడ్డు పని సాగిన్‌బాయ్ కంపెనీది," అన్నాడు. "దిమ్మల సంగతి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు పిల్ల సంగతి చూడు."

కలిచాకు ఒళ్ళు మండింది. యాభై దాటిన మనిషి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చూస్తోంది. ఏ కేసులోనైనా పోలీసులకు అందరికన్నా త్వరగా దొరికేది వెనక ఎవరూ లేని మనిషే. ఆమె ఫైలు చంకన పెట్టుకుని లేచింది.

"సంతకం?" అన్నాడు కర్నల్.

"పెన్నులో సిరా లేదు."

టాక్సీ డ్యాష్‌క్యామ్ వీడియో ఫైలుతోనే వచ్చింది. అంతకుముందు చూసినవాళ్ళు బొమ్మ చూశారు. కలిచా కళ్ళు మూసుకుని శబ్దం విన్నది.

వైపర్ కీచుమంటోంది. ఎర్నిస్ దేనికో నవ్వుతున్నాడు. రేడియో కాబోలు. తర్వాత యాప్ గొంతు.

"ఎడమకు తిరగండి."

కాసేపు ఇండికేటర్ చప్పుడు.

"మళ్ళీ ఎడమకు తిరగండి."

తర్వాత లారీ హారన్.

కలిచా కళ్ళు తెరిచింది. ఆమె కారులోనూ ఈ గొంతే ఉంది. తిరగాల్సిన చోటు దాటిపోయిన ప్రతిసారీ అది ఆమెను విసిగిస్తుంది. కానీ అప్పుడు ఎడమ, కుడి అనదు. వేరే మాట అంటుంది.

ఆమె వీడియోను మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

* * *

మందుల షాపు అద్దం పగిలి ఉంది. అడ్డంగా చెక్క కొట్టారు. చెక్క మీద ఎవరో బొగ్గుతో "హంతకురాలు" అని రాశారు.

కౌంటర్ వెనక బెగిమయ్. ముప్ఫై ఏళ్ళుంటాయి. నిద్రలేని కళ్ళు.

"మీవాళ్ళకి మూడుసార్లు చెప్పాను," అంది. "ఇంక నా దగ్గర మాటల్లేవు ఎజే." పోలీసైనా వయసులో పెద్దదని ఎజే, అక్కా, అని పిలిచింది.

"వాళ్ళు వినలేదు. నాకు చెప్పు. ఆ యూ టర్న్ పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

"పెట్టాలి కాబట్టి." బెగిమయ్ గొంతులో కోపం కదిలింది. "మ్యాపులో ప్రతి రోడ్డు చివరా, ప్రతి కూడలిలో బాణాలుంటాయి. ఎర్ర బాణమంటే అటు తిరక్కూడదు. పచ్చ బాణమంటే తిరగొచ్చు. యూ టర్న్ బాణం ఎప్పుడూ ఎర్రగానే పుడుతుంది. ఎవరో ఒకరు చూసి, ఆలోచించి, పచ్చ చెయ్యాలి."

"రహదారి మీద పచ్చ చేశావా?"

"రహదారి ఎవరన్నారు? పాల ఫ్యాక్టరీ సందు అది. గోడ దగ్గర ఆగిపోతుంది. ముందుకు దారి లేదు. అలాంటి సందు చివర యూ టర్న్‌కి ఒప్పుకోకపోతే యాప్‌కి దిక్కు తోచదు. లోపలికి పోయినవాణ్ణి బయటికెలా తేవాలో దానికి తెలీదు. అందుకే సందు చివర వెనక్కి మళ్ళడం ఎప్పుడూ పచ్చే. కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి."

"ఆ సందుకీ రహదారికీ మధ్య?"

"మనిషెత్తు ఇటుక గోడ. మ్యాపులో చూస్తే మాత్రం రెండూ పక్కపక్కనే ఉంటాయి. మార్పు చేసిన మనిషి పేరు, తేదీ కనిపిస్తాయి. యూ టర్న్, పచ్చ, బెగిమయ్. మీవాళ్ళకి అంతకుమించి అక్కర్లేకపోయింది. ఒక్కడన్నా వెళ్ళి ఆ గోడ చూశాడా?"

కలిచా తన ఫోన్లో డ్యాష్‌క్యామ్ శబ్దం పెట్టింది. హారన్ రాకముందే ఆపేసింది.

బెగిమయ్ తల వంచి విన్నది.

"ఇంకోసారి పెట్టండి."

కలిచా పెట్టింది.

"ఇది యూ టర్న్ కాదు ఎజే," అంది బెగిమయ్ నెమ్మదిగా. "యూ టర్న్ అయితే 'వెనక్కి మళ్ళండి' అంటుంది. ఇదేమో రెండు ఎడమలు చెప్పింది. ఎడమకు, మళ్ళీ ఎడమకు. రెండుసార్లు తిరగాలంటే మధ్యలో ఒక రోడ్డుండాలి. చిన్నదైనా సరే. దిమ్మల మధ్య అడ్డంగా ఎవరో రోడ్డు గీశారు."

"చూపించు."

బెగిమయ్ కంప్యూటర్ తిప్పింది. ఆక్-బెల్ రహదారి. పక్కపక్కనే రెండు గీతలు. మధ్యలో ఏమీ లేదు.

"తుడిచేశారు," అంది.

"ఎవరు?"

"రోడ్డు మీద నొక్కితే పేరొస్తుంది. రోడ్డే లేకపోతే దేని మీద నొక్కను? కంపెనీవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళెక్కడో సముద్రాలవతల ఉన్నారు. జవాబుకి నెలలు పడుతుంది. నన్ను శుక్రవారం లోపలేస్తున్నారు."

"జరిగిందంతా మీ పెద్దాయనకి చెప్పావా?"

"తోలోగోన్ అగాయ్‌కా? చెప్పాను. నాకు ఈ పని నేర్పిన మాస్టారే ఆయన. 'నిజం నిలకడ మీద తెలుస్తుందమ్మా' అన్నారు."

కలిచా బయటికొచ్చింది. షాపు మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆగి లోపలికి వేలు చూపిస్తున్నారు.

"మందులు కావాలా?" అంది కలిచా.

"ఆ హంతకురాలి చేత్తోనా?"

"అయితే దగ్గుతూనే ఉండండి. దారి వదలండి."

* * *

ఆక్-బెల్ రహదారి మీద దిమ్మలన్నీ పొగ పట్టి నల్లగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం తెల్లగా మెరుస్తోంది. కొత్త దిమ్మ.

దాని రెండు పక్కలా రోడ్డు మీద కంకర రాలి ఉంది. ఇటు నుంచి అటు. టిప్పర్ వంపు తిరిగితే రాలినట్టు.

రోడ్డు పక్క రేకుల షెడ్డులోంచి ఒకతను వచ్చాడు. నారింజరంగు కోటు. సాగిన్‌బాయ్ కంపెనీ సైట్ ఇంజనీరు, పేరు జమీర్‌బెక్. చేతిలో బోర్సోక్‌ల పళ్ళెం, పెళ్ళిళ్ళకి వేయించే పిండి ముక్కలు.

"తినండి ఎజే. మా ఓనర్‌గారి కొడుకు పెళ్ళివి. వారం వారం ఊరంతా పంచుతున్నారు, నూనెలో వేయించినవి కదా, పాడవ్వవు."

"ఈ గ్యాప్ ఎప్పుడు పూడ్చారు?"

"ఏ గ్యాప్?"

"దిమ్మ లేదని వీడియోలో కనబడుతోంది."

"ఊళ్ళోవాళ్ళు జరిపి ఉంటారు. అడ్డదారి కోసం."

"రెండు టన్నుల దిమ్మని? గాడిదల మీద పెట్టి మోసుకుపోయారా?"

జమీర్‌బెక్ పళ్ళెం కిందపెట్టాడు.

"మీ టిప్పర్లు క్వారీ నుంచి వచ్చి ఎక్కడ తిరుగుతాయి?" అంది కలిచా.

"వంతెన దగ్గర."

"అది చాలా దూరం."

"దూరమే."

"ఇక్కడ తిరిగితే ట్రిప్పులు ఎక్కువ పడతాయి."

అతను కోటు గుండీ పెట్టుకున్నాడు.

"మీ డ్రైవర్లకి గ్యాప్ ఎక్కడుందో ఎలా తెలిసేది, జమీర్‌బెక్?"

"రోజుకో కొత్త డ్రైవరొస్తాడు ఎజే. వాళ్ళు ఫోన్ చెప్పినట్టే నడుస్తారు. నన్నడక్కండి. నేను సిమెంటు మనిషిని. మ్యాపులూ గీపులూ నాకు తెలీవు."

గ్యాప్ ఎప్పుడు పూడ్చారని అడగగానే ఏ గ్యాప్ అన్న మనిషి, రెండు నిమిషాల్లో ఉన్నట్టే మాట్లాడాడు. కలిచా అది అతనికి గుర్తు చేయలేదు. పాల ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వెళ్ళి చేత్తో తట్టి చూసింది. ఇటుక గోడ. బెగిమయ్ చెప్పినట్టే మనిషెత్తు. కుక్క కూడా దూరలేదు.

ఒక్క పోలీసు పది అడుగులు నడిచి ఈ గోడ చూసి ఉంటే ఆ పిల్ల షాపు అద్దం ఈపాటికి పగిలేది కాదు. కలిచా గోడని బూటుతో తన్నింది. కాలు నొప్పెట్టింది.

* * *

తోలోగోన్ అగాయ్ ముప్ఫై ఏళ్ళు జామెట్రీ చెప్పి రిటైరైనవాడు. ఈ ప్రాంతంలో జోల్చు ఎడిటర్లందరికీ ఆయనే పెద్ద. అక్కడి మర్యాద ప్రకారం గిన్నెల్లో సగం సగమే టీ పోస్తూ, గౌరవంగా, నిదానంగా మాట్లాడాడు.

"నాకు చాలా బాధగా ఉంది. మంచి పిల్ల. కానీ పోలీసులు అడిగారు. 'ఆ ప్రాంతంలో యూ టర్న్‌ని ఎవరు అనుమతించారు' అని. రికార్డు చూసి పేరు చెప్పాను. నేను అబద్ధం ఆడలేను కదా."

"దిమ్మల మధ్య గ్యాప్ ఉన్నట్టు మీకు తెలుసా అగాయ్?"

"పేపర్లో చదివాకే తెలిసింది. నేను అటు వెళ్ళి ఏడాదవుతుంది."

"ఆ గ్యాప్‌లో రోడ్డు గీసి ఉందా మ్యాపులో?"

"నేను చూడలేదు. మా మొదటి రూలు ఒకటే, కేప్టెన్‌గారూ. నేల మీద ఉన్నదే గీయాలి. ఊహించి గీయకూడదు. పిల్లలందరికీ అదే నేర్పాను."

గోడవార, పెళ్ళికూతురి వెంట పంపే పరుపులు పేర్చే చోటు బోసిగా ఉంది. కలిచా చూపు అటు పోవడం ఆయన గమనించాడు.

"కూతుర్ని అత్తారింటికి పంపి నెల కాలేదు," అన్నాడు. "ఇల్లు ఇల్లులా లేదు."

* * *

ఎర్నిస్ భార్య మీరిమ్ తలుపు సగమే తీసింది.

"ఆ మందుల షాపుదాన్ని లోపలేశారా?"

"లేదు. మావాళ్ళు తిరిగిచ్చేసిన మీ ఆయన ఫోన్ నాకు కావాలి."

"దాన్ని లోపలేసి రండి. అప్పుడిస్తాను."

"మీరిమ్, వినండి."

"ఏం వినాలి? నా మొగుడు వెచ్చగా టీ తాగి బయల్దేరాడు. సంచిలో తిరిగొచ్చాడు. అదేమో షాపు తెరిచి కూర్చుంది. దగ్గుమందు అమ్ముకుంటోంది. మీరంతా దానికి చుట్టాలా?"

"ఆ అమ్మాయి చేసిందో లేదో ఆ ఫోనే చెబుతుంది. చేసిందని తేలితే సంకెళ్ళు నేనే వేస్తాను. మీ కళ్ళ ముందు వేస్తాను."

మీరిమ్ లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. మఫ్లర్‌లో చుట్టిన ఫోన్ తెచ్చింది.

"ఆ రోజు తర్వాత స్విచ్ ఆన్ చేశారా?"

"చేస్తే ఆయనకి ఫోన్లొస్తాయి. టాక్సీ కావాలంటారు." మీరిమ్ మఫ్లర్ కొస మడిచింది. "వాళ్ళకి నేనేం చెప్పను?"

కలిచా మనసులో ఒక లెక్క తేలింది. స్విచ్ ఆన్ చేయలేదు. నెట్ తగల్లేదు. అంటే ఆ ఫోన్లో మ్యాపు ఇంకా ఆ ఉదయంలోనే ఉంది.

స్టేషన్లో టెక్నీషియన్ సిమ్ తీసేశాడు. గోడలకి రేకు తాపిన గదిలో కూర్చుని కొత్త అద్దం బిగించాడు. పక్కన బెగిమయ్ ఊపిరి బిగబట్టి నిలబడింది.

"నెట్ తగిలిందా, యాప్ కొత్త మ్యాపు దింపుకుంటుంది," అంది. "పాతది పోతుంది."

"తగలదు," అన్నాడు టెక్నీషియన్. "ఈ గదిలో మా ఆవిడ ఫోన్ కూడా రాదు. అందుకే నాకిష్టం."

తెర వెలిగింది. ఆక్-బెల్ రహదారి. రెండు గీతలు. వాటి మధ్య చిన్న అడ్డగీత.

అది తిన్నగా లేదు. నడుమ దగ్గర మోచెయ్యిలా మడిచినట్టు, పాల ఫ్యాక్టరీ వైపు వంగి ఉంది.

బెగిమయ్ తెర మీదికి వంగింది. ఆమె కలిచా చెవి దగ్గర నాలుగు ముక్కలు చెప్పింది.

"ఈ సంగతి ఎవరితోనూ అనకు," అంది కలిచా. పళ్ళ మధ్య నుంచి వచ్చింది ఆ మాట.

* * *

ఎడిటర్లు ప్రతి గురువారం మధ్యాహ్నం బజారు పక్క టీ హోటల్లో కలుస్తారు. ఆ గురువారం అక్కడ నలుగురే ఉన్నారు. మిగతా ఎడిటర్లని రావద్దని, జమీర్‌బెక్‌ని, మీరిమ్‌ని రమ్మని కలిచాయే కబురు పెట్టింది.

తోలోగోన్ అగాయ్ తన మామూలు చోట కూర్చున్నాడు. జమీర్‌బెక్ గుమ్మం దగ్గర. బెగిమయ్ గోడవార. మీరిమ్ ఆమెకు వీపు పెట్టి కూర్చుంది.

కలిచా ఎర్నిస్ ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"రేపు బెగిమయ్‌ని కోర్టుకి తీసుకెళ్ళాలి," అంది. "ఆమె మార్చిన బాణం పాల ఫ్యాక్టరీ సందులోది. మధ్యలో గోడ ఉంది. నేను తన్ని మరీ చూశాను. ఎర్నిస్‌ని చంపింది ఆ బాణం కాదు."

మీరిమ్ తల తిప్పింది. "మరి?"

"యాప్ అతన్ని వెనక్కి మళ్ళమనలేదు. ఎడమకు, మళ్ళీ ఎడమకు తిరగమంది. దిమ్మల మధ్య ఎవరో రోడ్డు గీశారు. ప్రమాదం జరగ్గానే తుడిచేశారు. మ్యాపులో తుడిచారు. ఈ ఫోన్లో తుడవలేకపోయారు."

జమీర్‌బెక్ లేచాడు.

"కూర్చో," అంది కలిచా. "గ్యాప్ నీది. టిప్పర్లు నీవి. రోడ్డు గీసింది కూడా నువ్వే."

"నేను కాదు ఎజే. నాకా పని రాదు."

"రాదని ఆ గీతే చెబుతోంది. పిల్లాడి గీతలా ఉంది. తిన్నగా గీయడం చేతకాలేదు. మధ్యలో వంకర పోయింది. చెయ్యి వణికింది నీకు. మనిషిని చంపే రోడ్డు గీస్తూ, అదీ అడ్డదిడ్డంగా, తాగి గీసినట్టు."

"నేను కాదన్నానుగా."

"ఎవరైతేనేం, చేతకానివాడు. జామెట్రీ అంటే తెలీని మొద్దు."

"వణుకు కాదది," అన్నాడు తోలోగోన్ అగాయ్.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన చూపు కలిచా మీదే ఉంది. తరగతిలో తప్పు జవాబు చెప్పిన పిల్లని చూసినట్టు.

"చెయ్యి వణికితే గీత నాలుగు చోట్ల పోతుంది. అది ఒక్కచోటే వంగింది. ఒకే కోణం. తిన్నగా గీస్తే ఆ రోడ్డు పదిహేను మీటర్లకి తక్కువొస్తుంది. అంత పొట్టి రోడ్డు మీద వెంటవెంటనే రెండు ఎడమలు తిరిగితే, యాప్ దాన్ని యూ టర్న్ కింద లెక్కేసి మానేస్తుంది. బండ్లని అటు పంపదు. అందుకే ఫ్యాక్టరీ వైపు కాస్త వంచితే పొడుగు పెరిగి..."

ఆయన ఆగిపోయాడు.

హోటలువాడు ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఫోన్ ఇంకా బోర్లానే ఉంది అగాయ్," అంది కలిచా. "ఏ వైపు వంగిందో నేను చెప్పలేదు."

బెగిమయ్ మొహం చేతుల్లో దాచుకుంది.

తోలోగోన్ అగాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఎడిటర్ ఎవరైనా ఊహించగలడు."

"ఊహించి గీయకూడదన్నది మీరే. సరే, మీ పేజీ తెరవండి. మీరు చేసిన మార్పులు, చెరిపినవి కూడా, మీ పేజీలో మీకు కనిపిస్తాయట. బెగిమయ్ చెప్పింది. ఇక్కడే తెరవండి. తెరవరా?"

ఆయన ఫోన్ ముట్టుకోలేదు.

"గ్యాప్ నిజంగానే ఉంది," అన్నాడు చివరికి. "లేనిది గీయలేదు నేను. నేల మీద ఉన్నదే గీశాను."

"నేల మీద ఉన్నది తిన్నగా ఉంది. మీరు వంచారు." కలిచా గొంతు పెరిగింది. "అక్కడ తిరక్కూడదని ఆ యాప్‌కే తెలిసింది. మనిషి కాదు, మరబొమ్మ, దానికి తెలిసింది. అది వద్దంటే మీరు దాన్ని బురిడీ కొట్టించారు. మీ ముప్ఫై ఏళ్ళ జామెట్రీ అందుకు పనికొచ్చింది."

"టిప్పర్ల కోసమే అనుకున్నాను. మామూలు జనం అటు రారనుకున్నాను."

"అయితే ప్రైవేటు రోడ్డని గుర్తు పెట్టొచ్చుగా అగాయ్," అంది బెగిమయ్. ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. "కొత్తవాళ్ళు అది మర్చిపోతే మీరు ఎంత తిట్టేవారు."

ఆయన ఆమెను చూడలేకపోయాడు. "అలా పెడితే టిప్పర్లని కూడా పంపదు."

"అంటే ఆలోచించే పెట్టలేదు."

ఆయన టీ గిన్నె పక్కకి జరిపాడు.

"ఎవరడిగారు?" అంది కలిచా. "నేను చెప్పనా? ఒక ఇంట్లో కొడుకు పెళ్ళి బోర్సోక్‌లు ఇంకా పంచుతున్నారు. ఇంకో ఇంట్లో కూతుర్ని పంపి నెల కాలేదు. సాగిన్‌బాయ్ మీకు ఏమవుతాడు?"

"వియ్యంకుడు." తోలోగోన్ భుజాలు జారిపోయాయి. "పెళ్ళయిన మూడో రోజు వచ్చి అడిగాడు. మా పిల్ల వాళ్ళింట్లో ఉంది. కొత్త వియ్యంకుడు మొదటిసారి నోరు తెరిచి అడిగితే కాదని ఎలా అనను, కేప్టెన్‌గారూ? మీరైతే అనగలరా?"

"మీ కూతురి కాపురం కోసం ఈవిడ కాపురం తీశారు."

"చనిపోతారని నాకు తెలీదు."

"అది తెలీదు. ఒప్పుకుంటాను. చనిపోయాక తెలిసింది కదా. అప్పుడేం చేశారు? రోడ్డు తుడిచారు. పోలీసులొస్తే, చేతికందిన పిల్ల పేరు చెప్పారు. ఆ సందు చివర గోడ ఉందని మీకు తెలుసు. సందు చివర బాణం పచ్చ చెయ్యాలని ఆమెకి నేర్పిందే మీరు. మీ మాట విన్నందుకు ఆమెని జైలుకి పంపబోయారు. అబద్ధం ఆడలేదన్నారు. నిజమే, ఆడలేదు. దొంగలు కూడా ఇంత శుభ్రంగా ఉండరు."

మీరిమ్ లేచింది. నేరుగా తోలోగోన్ ముందుకు వచ్చింది. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె కొట్టలేదు.

"మా ఆయన మీ దగ్గరే చదువుకున్నాడు," అంది. "ఏడో క్లాసు. జామెట్రీ రాదని తనని ఎండలో నిలబెట్టారట. చెప్పుకుని నవ్వేవాడు."

తోలోగోన్ అగాయ్ అడ్డం పెట్టిన చేతులు దించాడు.

బయట ఆగిన జీపులోంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. ఒకడు ఆయన చేయి పట్టుకున్నాడు. జమీర్‌బెక్ తనంతట తనే ముందుకొచ్చాడు.

"దిమ్మ తీయమంది ఓనర్‌గారే ఎజే," అన్నాడు. "పొద్దున ప్రమాదం, మధ్యాహ్నానికి కొత్త దిమ్మ పెట్టించాడు. ఎక్కడైనా చెబుతాను. నాకూ నిద్ర పట్టడం లేదు."

అప్పుడే కలిచా ఫోన్ మోగింది. కర్నల్. ఆమె స్పీకర్ పెట్టింది.

"జీపులో ఉన్న మనవాళ్ళు చెప్పారు," అన్నాడు కర్నల్ షైలోబెక్. "ముసలాయన్ని తీసుకురా. చాలు. సాగిన్‌బాయ్ జోలికి పోకు."

"దిమ్మ తీయించింది అతనే."

"అది తర్వాత చూద్దాం. ఆ పిల్ల పేరు కూడా రెండో ముద్దాయిగా ఉండనీ. నీ సంతకం లేకుండానే కాగితాలు పైకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు వెనక్కి తీస్తే నా పరువేం కాను? చనిపోయినవాడి పెళ్ళాం ఆ పిల్ల మీదే ఫిర్యాదు ఇచ్చింది. ఫిర్యాదు ఉండగా నువ్వేం చెయ్యలేవు."

కలిచాకు బూతు నోటిదాకా వచ్చింది.

మీరిమ్ చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి."

కలిచా ఫోన్ ఇచ్చేసింది.

"నేను ఎర్నిస్ భార్యని," అంది మీరిమ్. "ఆ ఫిర్యాదు నాది. వెనక్కి తీసుకుంటున్నాను."

"అమ్మా, అలా కుదరదు. మీరు బాధలో ఉన్నారు..."

"బాధలో ఉన్నప్పుడే సంతకం పెట్టించుకున్నారుగా, అప్పుడు కుదిరింది. ఇప్పుడు కొత్త ఫిర్యాదు ఇస్తున్నాను. పెన్ను తీసుకోండి."

అవతల సొరుగు తెరిచిన చప్పుడైంది.

"తీసుకున్నారా? మొదటి పేరు సాగిన్‌బాయ్. రోడ్డు కంపెనీ ఓనరు. రెండో పేరు తోలోగోన్. మాస్టారు. ఇంతే, రెండే. మూడో పేరు లేదు."

ఆమె బెగిమయ్ వైపు చూసింది. అంతవరకు ఒక్కసారి కూడా ఆ మొహం సరిగ్గా చూడలేదు.

"జాగ్రత్తగా రాయండి కర్నల్‌గారూ," అంది. "పోయినసారి తప్పు పేరు రాశారు."